కొమ్మలు ఊపే అన్నగారికి బహిరంగ లేఖ

నార్సింగి

అన్నా,

మీ పేరు తెలియదు కాబట్టి ఈ ఉత్తరం నలుగురి ముందూ రాయాల్సి వస్తోంది. తెలిసి ఉంటే కవర్లో పెట్టి మీ గేటు దగ్గర సెక్యూరిటీకి ఇచ్చి వచ్చేవాణ్ణి. మీ గురించి నాకు తెలిసిందల్లా మీరు ఫోన్లో గట్టిగా మాట్లాడుతుంటే చెవిన పడిందే: ఫ్లాటు నార్సింగిలో, వానొస్తే మంచిరేవుల దారి మూసేస్తారు, అంతా చుట్టు తిరిగి పోవాలి. ఆ మాట వినగానే మీమీద సగం కోపం పోయింది. గండిపేట గేట్లు ఎత్తినప్పుడల్లా ఆ చుట్టు నేనూ తిరుగుతాను. మిగిలిన సగం కోపానికే ఈ ఉత్తరం.

సంగతి మే నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నానిది. చోటు బెంగళూరు పక్కన బన్నేరుఘట్ట సీతాకోకచిలుకల పార్కు. 2006 నవంబరులో తెరిచారు, మన దేశంలో ఇలాంటి వాటిలో మొదటిది. ఏడున్నర ఎకరాల తోట, అందులో గుండ్రటి పెద్ద కట్టడం, పైన పాలికార్బనేట్ కప్పు, లోపల పూలమొక్కలు, ఒక కృత్రిమ జలపాతం, ఒంటికి అంటుకునే తేమ. మనం ఇక్కడ ఓఆర్ఆర్ ఎక్కి, శంషాబాద్ దగ్గర దిగి, 44వ నంబరు హైవే మీద కర్నూలు, అనంతపురం దాటుకుంటూ 570 కిలోమీటర్లు పోతే వచ్చే ఊరు. పిల్లలకు సెలవులు, పొద్దున సఫారీ, మధ్యాహ్నం సీతాకోకచిలుకలు. మన అపార్ట్‌మెంట్లలో సగం మంది వేసుకునే ప్లానే.

సఫారీ అయ్యేసరికి పడమటి వైపు ఆకాశం నల్లబడింది. ఈదురుగాలి లేచి చెట్ల కొమ్మలు విరిగిపడ్డాయి. జనమంతా కప్పున్న చోటికి పరుగెత్తారు, ఆ కప్పున్న చోట్లలో సీతాకోకచిలుకల గుడారం ఒకటి. అంటే లోపలికొచ్చిన వాళ్లలో ఎక్కువమంది వాటిని చూడ్డానికి రాలేదు, తడవకుండా ఉండటానికి వచ్చారు. ఇది తప్పని అనను. వాన ఎవరి ప్లానునైనా మార్చేస్తుంది. కానీ తడవకుండా ఉండటానికి వచ్చినవాళ్లకు పదినిమిషాల్లో విసుగు పుడుతుంది, ఆ విసుగులోంచే మీ పని పుట్టింది.

పాలికార్బనేట్ మీద వాన పడుతుంటే లోపల మాట వినపడదు. కప్పు మీద ఎవరో గుప్పిళ్లకొద్దీ గులకరాళ్లు కుమ్మరిస్తున్నట్టే ఉంటుంది. వెలుతురు తగ్గిపోయి, ఆకులన్నీ ముదురు పచ్చగా మారిపోయాయి. సీతాకోకచిలుకలు ఒక్కటి కూడా ఎగరడం లేదు. మీరు అటూ ఇటూ చూసి, "ఏందిరా ఇది, ఒక్కటి లేదు! టికెట్ డబ్బులు దండగ" అన్నారు. నిజానికి మీ మోచేతికి జానెడు దూరంలో ఒకే కొమ్మ కింద నాలుగు ఉన్నాయి. ఆకు అడుగున, రెక్కలు మూసుకుని, తలకిందులుగా. మీ పాపే ముందు చూసింది. "నాన్నా, ఇక్కడున్నాయి" అని వేలు పెట్టి చూపించింది. అప్పుడు మీరు ఆ కొమ్మ పట్టుకుని ఊపారు.

ఒకసారి ఊపితే అవి కదల్లేదు. రెండోసారి గట్టిగా ఊపారు, ఇంకో చేత్తో ఫోను పైకెత్తి వీడియో తీస్తూ. మూడోసారి వాటిలో రెండు రాలిపోయాయి. రాలిపోయాయి అన్నది కావాలనే రాశాను. ఎగరలేదవి. ఎండుటాకులు పడ్డట్టు పడి, దారి మీద కాళ్ల మధ్య చేరాయి. మీ చుట్టూ ఉన్న పిల్లలు చప్పట్లు కొట్టారు. "అదిగో, లేచాయ్!" అన్నారు మీరు. ఆ తర్వాత పక్క పొద దగ్గరికి వెళ్లి అదే పని మళ్లీ చేశారు.

ఇలాంటి చోట్ల 'సీతాకోకచిలుకల్ని తాకవద్దు' అని బోర్డు పెడతారు. మీరు తాకలేదు, నేను ఒప్పుకుంటాను. కొమ్మను తాకారు. కొమ్మను ఊపవద్దు అని ప్రపంచంలో ఎక్కడా బోర్డు లేదనుకుంటా, ఎందుకంటే బోర్డు రాసేవాళ్లకు అంత దూరం ఆలోచన పోదు.

కింద పడ్డవాటిలో ఒకటి బ్లూ టైగర్. నల్లటి రెక్కల మీద పలుచటి నీలి గీతలు, చుక్కలు ఉంటాయే, అది. అది లేచి కూర్చుని రెక్కలు అరంగుళం విప్పి సన్నగా వణకడం మొదలుపెట్టింది. మీ పాప అక్కడే గొంతుక్కూర్చుని అడిగింది: "నాన్నా, అది ఎందుకు వణుకుతోంది?" మీరు ఫోనులోంచి తల ఎత్తకుండా, "డాన్స్ చేస్తోందమ్మా" అన్నారు.

ఆ ప్రశ్నకు అసలు జవాబు చెప్పాలనే కూర్చున్నాను. పాపకు మీరు చదివి వినిపించండి.

సీతాకోకచిలుక మనలాగా ఒంట్లో ఎప్పుడూ ఒకే వేడి ఉంచుకోలేదు. రెక్కలు ఆడించే కండరాలు దాని ఛాతీలో ఉంటాయి. ఆ కండరాలు దాదాపు 30 డిగ్రీలు దాటి వేడెక్కితే తప్ప సరిగ్గా పనిచెయ్యవు. అందుకే పొద్దున్నే ఎండలో రెక్కలు పరుచుకుని కూర్చుంటాయి. మనకు ఫోటోకు పోజిచ్చినట్టు కనిపించేది వాటికి పొయ్యి దగ్గర చలి కాచుకోవడమే. కొన్ని రెక్కలు విప్పి వీపును ఎండకు పెడతాయి, కొన్ని రెక్కలు మూసి పక్కకు ఒరిగి ఎండ తగిలేలా కూర్చుంటాయి. మబ్బు పట్టి ఎండ పోతే ఇంకేం చెయ్యలేక ఆకు కిందికి చేరతాయి. మీరు ఊపిన కొమ్మ కింద జరుగుతున్నది అదే. అవి దాక్కోలేదు, అలగలేదు, నిద్రపోలేదు. ఎగరడానికి సరిపడా వేడి వాటి దగ్గర లేదు, అంతే. ఎండ లేకుండా వేడి పుట్టించుకోవాలంటే ఒక్కటే దారి: రెక్కల్ని పైకి లాగే కండరాల్ని, కిందికి లాగే కండరాల్ని రెంటినీ ఒకేసారి బిగించడం. అప్పుడు రెక్క పెద్దగా కదలదు, సన్నగా వణుకుతుంది, ఛాతీ వేడెక్కుతుంది. బ్లూ టైగర్‌కు అమెరికాలో మోనార్క్ అని ఒక దాయాది ఉంది. అది చల్లటి పొద్దుల్లో ఇలా వణకడాన్ని శాస్త్రజ్ఞులు ఎప్పుడో కొలిచి చూశారు. ఆ వణుకుకు ఖర్చయ్యేది పొద్దున తాగిన తేనె. వానలో మళ్లీ తాగడానికి వీల్లేదు. పాప చూసింది డాన్సు కాదు, కాళ్ల కింద పడకముందే లేచిపోవాలని ఆ పురుగు దాచుకున్న దాన్ని ఖర్చు పెట్టుకోవడం.

కప్పు ఉంది కదా, లోపల వాన పడదు కదా, మరి దానికెందుకంత భయం అని మీరు అడగొచ్చు. కప్పు ఉన్న సంగతి దానికి ఎవరు చెప్పాలి? వెలుగు తగ్గింది, చల్లబడింది, అది చాలు. పైగా కప్పు నీటిని ఆపుతుంది గానీ గాలి పీడనాన్ని ఆపదు. 2013లో బ్రెజిల్ పరిశోధకులు ఒక పెంకు పురుగును, ఒక రెక్కల పురుగును, పేనుబంకను తీసుకుని పీడనం మార్చి చూశారు. తుఫాను ముందు పడిపోయినట్టు పీడనం పడిపోగానే అవి జతకట్టే పని తగ్గించేశాయి. ఎప్పుడు బయటికి పోకూడదో పురుగులకు మన వాతావరణ యాప్ కంటే ముందే తెలుస్తుందన్నమాట.

వాన చుక్క అంటే వాటికి ఏమిటో కూడా చెప్పాలి. పెద్ద చుక్క సెకనుకు 10 మీటర్ల దాకా వేగంతో దిగుతుంది, అంటే గంటకు 36 కిలోమీటర్లు. సాయంత్రం ఆరింటికి నార్సింగి జంక్షన్లో ఏ బండీ అంత వేగం పోదు. 2020లో కార్నెల్ యూనివర్సిటీ వాళ్లు వేగంగా తీసే కెమెరాలు పెట్టి, సీతాకోకచిలుక రెక్క మీద చుక్క పడితే ఏమవుతుందో చూశారు. రెక్క మీది కంటికి కనపడని సన్నటి గరుకుతనం చుక్కను పడ్డ క్షణంలోనే ముక్కలు చేసి, నీళ్లు రెక్కను అంటుకుని ఉండే సమయాన్ని తగ్గించేస్తుందట. అంటుకుని ఉంటే ఒంట్లో వేడంతా ఆ నీళ్లే లాగేస్తాయి. ఆ గరుకుతనం రెక్కలకు అద్దిన పొలుసులది. మనం పట్టుకుంటే వేలికి పొడిలా అంటుకునేవి అవే. ఊడిపోతే మళ్లీ రావు. కొమ్మకేసి కొట్టుకున్నా ఊడతాయి.

ఇక ఫోటోల సంగతి. నేను అక్కడికి కెమెరాతో వచ్చాను కాబట్టి నా బాధ కూడా కొంచెం వినండి. ఏసీ కారులోంచి దిగి ఆ తేమలోకి వెళ్తే లెన్సు మీద పొగమంచు పట్టేస్తుంది. తుడిస్తే పోదు, తుడిచిన చోటే మళ్లీ పడుతుంది. కెమెరాను సంచిలోనే ఉంచి, అది లోపలి వేడికి వచ్చేదాకా ఓ పావుగంట పైన ఊరికే నిలబడాలి. ఆ పావుగంటే మనిషికి కళ్లు పనిచేసే సమయం. ఏ కొమ్మ కింద ఏది ఉందో, ఏది ఎటు తిరిగి ఉందో అప్పుడే తెలుస్తుంది. నేను చూసుకున్నది బ్లూ మార్మన్. రెక్కలు విప్పితే అరచేతి కంటే పెద్దది, నల్లటి వెల్వెట్ మీద నీలం చల్లినట్టుంటుంది. మహారాష్ట్ర 2015లో దీన్నే రాష్ట్ర సీతాకోకచిలుకగా ప్రకటించుకుంది. అందరూ తీసే ఫోటో ఆ నీలానిదే. గూగుల్లో కొడితే లక్ష వస్తాయి. కానీ ఇది రెక్కలు మూసినప్పుడు, ఒంటికి ఆనుకునే చోట, రెక్క మొదట్లో, ఎర్రటి మచ్చలు ఉంటాయి. కుంకుమ అద్దిన వేలితో అక్కడక్కడా ముట్టుకున్నట్టు. ఎగురుతున్నప్పుడు అవి కనపడవు, ఎండలో కూర్చున్నప్పుడు కనపడవు. వానపడే రోజు మూసుకుని వేలాడుతున్నప్పుడే తీరిగ్గా కనపడతాయి.

గాలివాన రోజు ఫోటోలకు పనికిరాదని అందరూ అనుకుంటారు. గుడారంలో దానికి తలకిందులు. పాలికార్బనేట్ మీద ఎండ పడితే లోపల వెలుగు మొరటుగా ఉంటుంది, నీడలు కత్తుల్లా పడతాయి. మబ్బు పడితే కప్పంతా కలిసి ఒకటే పెద్ద దీపమవుతుంది, మెత్తటి వెలుగు. ఎండలో నిమిషానికి నాలుగు పూలు మారే పురుగు వానలో గంటసేపు కదలకుండా కూర్చుంటుంది. దగ్గర నుంచి తీసే మాక్రో లెన్సులో ఫోకస్ అయ్యే మందం మిల్లీమీటర్లలో ఉంటుంది. విప్పిన రెక్కలు ఎత్తుపల్లాలుగా ఉండి సగం మసకబారతాయి. మూసిన రెక్క గోడకు తగిలించిన పటంలా చదునుగా ఉంటుంది, కెమెరాను దానికి ఎదురుగా సమాంతరంగా పెడితే అంచు నుంచి అంచుకు ప్రతి పొలుసూ పడుతుంది. వెలుగు తక్కువే, నిజమే. ఐఎస్ఓ 3200 దాకా పెంచాలి, సెకనులో అరవయ్యో వంతుకు చెయ్యి కదలకుండా ఊపిరి బిగబట్టాలి. అయినా కదలని పురుగును తియ్యడం కదిలే పురుగును తియ్యడం కంటే ఎప్పుడూ సులువే. వాన మనకు అంత మేలు చేసి పెట్టింది. దాన్ని మీరు ఊపి పోగొట్టారు. నా ఫ్రేములో మిగిలింది ఊగుతున్న ఆకు ఒకటి.

ఫోటోగ్రాఫర్లందరూ ధర్మాత్ములని నేను చెప్పడం లేదు. పురుగుల్ని ఫ్రిజ్‌లో పెట్టి, చచ్చుబడ్డాక బయటికి తీసి, ఆకు మీద కూర్చోబెట్టి ఫోటోలు తీసి బహుమతులు కొట్టేసిన ఘనులు ఉన్నారు. మీరు వేడి లేని పురుగును ఎగరమంటారు, వాళ్లు ఎగిరే పురుగులోంచి వేడి లాగేస్తారు. రెండింటికీ పెద్ద తేడా నాకు కనపడదు.

మీకు కావలసింది ఏమిటో నాకు అర్థమవుతుంది. మీకు సీతాకోకచిలుక అంటే ఎగిరేది. పిల్లల పుస్తకంలో, చీర అంచు మీద, పుట్టినరోజు కేకు మీద రెక్కలు విప్పే ఉంటుంది. మూసుకుని కూర్చున్నది మీ లెక్కలో పనిచెయ్యని బొమ్మ. టికెట్ కొన్నాక బొమ్మ ఆడాలి కదా. ఈ పద్ధతి మీ ఒక్కరిదే కాదు. ఈ గాజు తోటలు పుట్టిందే మనుషులకు దగ్గరగా చూపించడానికి. 1970ల్లో ఇంగ్లిష్ ఛానల్లో గర్న్‌సీ అనే చిన్న దీవిలో టమాటాలు పండించే గాజు షెడ్డును ఒకాయన సీతాకోకచిలుకలకు మార్చి టికెట్ పెట్టాడు, అక్కడి నుంచి ఇది ప్రపంచమంతా పాకింది. హ్యూస్టన్ మ్యూజియంలో 1994 నుంచి మూడంతస్తుల ఎత్తు గాజు తోట ఉంది. సింగపూర్ చాంగి విమానాశ్రయం మూడో టెర్మినల్‌లో 2008 నుంచి ఒకటి ఉంది, ఫ్లైటు మారే గంటన్నరలో చూసి రావొచ్చు. అన్నిచోట్లా ఒకే చిక్కు. చూడ్డానికి వచ్చినవాడు, ఆడించడానికి వచ్చినవాడు ఒకే క్యూలో నిలబడతారు.

ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ పేరు వినే ఉంటారు, డార్విన్‌తోపాటు పరిణామ సిద్ధాంతం చెప్పినాయన. 1869లో వచ్చిన తన 'మలయ్ ఆర్కిపెలాగో' పుస్తకంలో సుమత్రా అడవిలో ఒక సీతాకోకచిలుక వెంట పడ్డ సంగతి రాశాడు. ఎగిరేటప్పుడు ఊదా, నారింజ రంగుల్లో మెరుస్తుంది, పొదలో వాలగానే మాయమైపోతుంది. వాలిన చోటు చూసుకుని, పాక్కుంటూ వెళ్లినా దొరికేది కాదు. మళ్లీ కళ్లముందే లేచి ఇంకో పొదలో మాయమయ్యేది. చివరికి ఒకరోజు అది వాలిన కొమ్మను కచ్చితంగా గుర్తుపట్టి, కదలకుండా చూడగా చూడగా, కళ్లెదుటే ఉన్న ఎండుటాకు ఆ సీతాకోకచిలుకేనని తేలింది. మూసిన రెక్క అచ్చం ఎండుటాకు, నడిమి ఈనెతో సహా. ఆ పురుగు గురించి లోకం చెప్పుకునే విశేషం అంతా రెక్క అడుగు వైపుదే. ఎగిరేటప్పటి ఊదా రంగు గురించి ఎవరూ మాట్లాడరు.

మీ పాప చూపించింది కూడా అలాంటిదే. అంతమంది జనంలో ఆకు అడుగున మూసుకున్న వాటిని కనిపెట్టింది ఆ పిల్ల ఒక్కతే. మీరు అప్పుడు మోకాళ్ల మీద కూర్చుని, "ఏదీ, నాకు కనపడట్లేదు" అన్నా సరిపోయేది. ఫోనులోనే మాక్రో ఉంటుంది ఈ రోజుల్లో, ఫ్లాష్ ఆపేసి రెండంగుళాల దూరం పెడితే చాలు. ఆ వీడియో కంటే మంచి ఫోటో మీ పాపే తీసేది.

కింద పడ్డ బ్లూ టైగర్‌ను ఒక కుర్రాడు ఎండుటాకు మీదికి ఎక్కించి పొద మొదట్లో పెట్టాడు. రెండోది ఏమైందో మీ వీడియోలో వెతుక్కోండి, నేను ఇక్కడ రాయను.

ఇంకొక్క విషయం చెప్పి ముగిస్తాను. బయటికి వెళ్తూ మీ పాప అడిగింది, "ఇవి మన ఇంటి దగ్గర ఉండవా?" అని. మీరు "అవి ఇక్కడే ఉంటాయమ్మా" అన్నారు. అది తప్పు. నార్సింగిలో బోలెడున్నాయి. గుడారం లేదు, టికెట్ లేదు. మంచిరేవుల ఫారెస్ట్ ట్రెక్ పార్కులో వాన వెలిసిన మర్నాడు ఎండ పొద్దెక్కాక నడవండి. తంగేడు పొదలు ఉన్నచోట పసుపు ఛాయ తెల్లటి ఎమిగ్రెంట్లు తిరుగుతుంటాయి, వాటి పిల్లలకు తంగేడు ఆకే మేత. ఎకరం వంద కోట్లు దాటి పలికిన కోకాపేటలో కూడా ప్రహరీ పక్కన జిల్లేడుకు ఎవరూ అద్దె అడగరు. ఆ జిల్లేడు ఆకు తిప్పి చూస్తే ప్లెయిన్ టైగర్ గొంగళిపురుగు ఉండొచ్చు, నలుపు, తెలుపు, పసుపు చారలు వేసుకుని.

అంత దూరం కూడా వద్దనుకుంటే బాల్కనీలో ఒక కరివేపాకు కుండీ పెట్టండి. ఎన్నో అంతస్తులో ఉన్నారో తెలియదు గానీ, కొంచెం ఎత్తయినా కామన్ మార్మన్ వచ్చి గుడ్డు పెట్టి పోతుంది. మొదట్లో ఆకు మీద పిట్ట రెట్ట పడినట్టు కనిపిస్తుంది, అది పిల్ల. పదిరోజులకు లేతాకుపచ్చగా మారి లావవుతుంది. ముట్టుకుంటే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ములు రెండు బయటికి పెట్టి ఒక వాసన వదులుతుంది, పాప భయపడితే అది బెదిరింపు మాత్రమే, కుట్టదు అని చెప్పండి. కరివేపాకు సగం తినేస్తుంది. పప్పులో పోపుకు వారంపాటు కూరగాయల కొట్లో కొనుక్కోండి. ఆ వారంలో మీ సొసైటీ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు "బాల్కనీల్లో పురుగులు" అని ఫోటో పెట్టి పెస్ట్ కంట్రోల్ వాళ్ల నంబరు అడుగుతారు. ఆ నంబరు మీరు ఇవ్వకండి.

ఇట్లు,
ఓఆర్ఆర్ సర్వీసు రోడ్డు అవతలి వైపు పొరుగువాడు